ఏకాహంలో అత్త ఎత్తిన పాట

సూరిబావా,

సముద్రం మీదకెళ్లిన నీ పడవ తిరిగి రాక నేటికి ఏడాది. ఈ రోజు మన కళింగపట్నం రామమందిరంలో ఏకాహం పెట్టాం. పంచాయతీ రేడియో కూడా కట్టేయించాం. తెల్లారేదాకా నామం తెగకూడదు. ముందు పాడేవాళ్లు ఏదంటే మిగతావాళ్లం అదే అనాలి. ఆ ముందుపాట ఎప్పుడూ నీదే. ఈసారి నన్ను పాడమన్నారు. పాడి పాడి మధ్యాహ్నానికే నా గొంతు బొంగురుపోయింది.

ఆడవాళ్ల వైపు నుంచి మీ అమ్మ లేచింది. "నానెత్తుతానుండరా. నువ్వు తాళమెయ్యి సాలు" అంది.

అత్త బాగానే పాడింది. "రామా రావయ్యా" అంటే మేమూ "రామా రావయ్యా" అన్నాం. కాసేపటికి కళ్లు మూసుకుని, అదే వరసలో "సూరీ రావయ్యా" అంది.

మద్దెల వాయించేవాడు నావైపు చూశాడు. ఆపితే నామం తెగుతుంది. అయినా ఆమెను ఆపమని ఎవరు చెప్పగలరు? నేను తల దించుకుని తాళం వేస్తూనే ఉన్నాను. అలవాటు కొద్దీ ముందు పిల్లలు అన్నారు. తర్వాత అందరం అన్నాం.

ఊరంతా ఒక్క గొంతుతో నిన్ను పిలిచాం బావా. అత్త కళ్లు తెరిచి గుమ్మం వైపు చూసింది. మేమూ చూశాం.