ఆవ పెట్టిన రిపోర్టు

జనవరి 20

ఉషశ్రీ పేరు ఢిల్లీ సదస్సు లిస్టులో వచ్చింది. నాది రాలేదు.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

జనవరి 21, ఉదయం

ఉంది. నిన్న కోపంలో రాయలేదు.

మా ఆవిడ ఉషా నేనూ ఒకే ఆఫీసు. జిల్లాలోని నీళ్ళు, పక్షులు, పాత విత్తనాల వివరాలు పోగుచేసి పైకి పంపే సంస్థ. దేశాలన్నీ కలిసి ప్రకృతి గురించి రాసుకున్న ఒప్పందాలు బోలెడున్నాయి. చిత్తడి నేలలకొకటి, వలస పక్షులకొకటి, విత్తనాలకొకటి, మొత్తం జీవవైవిధ్యానికి ఇంకొకటి. ప్రతిదానికీ మన దేశం విడిగా రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టుల అడుగున ఎక్కడో మా అనకాపల్లి ఉంటుంది. ఒకే చెరువుకి నాలుగు ఫారాలు, నాలుగింట్లో నాలుగు రకాల ప్రశ్నలు. అవి తప్పుల్లేకుండా నింపడం తెలిసినవాణ్ణి ఈ ఆఫీసులో నేనొక్కణ్ణే. ఏ డౌటొచ్చినా రామ్‌గోపాల్‌ని అడగండి అనేవారు మా డైరెక్టర్ భీమశంకరరావు గారు. అనేవారు.

ఉష చేరి మూడేళ్ళు. పని నేర్పింది నేను. ఇప్పుడు తను ఒక్క ఫారం చాలంటోంది. ఒకసారి రాస్తే ఏ ఒప్పందానికి ఏది కావాలో సాఫ్ట్‌వేరే విడగొట్టి పంపుతుందట. ఈ ఐడియా ఎక్కడొచ్చిందమ్మా అని మీటింగులో డైరెక్టర్ గారు అడిగితే, మా వంటింట్లో అంది. మా అత్తకి బీపీ, ఉప్పు పనికిరాదు. పాపకి కారం పడదు. బావకి కారం లేకపోతే ముద్ద దిగదు. అలాగని పప్పు మూడుసార్లు ఉడకబెట్టుకుంటామా అండీ, ఒకసారి ఉడకబెట్టి మూడు గిన్నెల్లోకి తీసి ఎవరి పోపు వాళ్ళకి పెడతాం, అంది. అందరూ చప్పట్లు. ఇక ఢిల్లీ సదస్సులో కూడా ఇదే చూపించాలట.

పెళ్ళైన దగ్గర్నుంచి ఆ పప్పు తింటున్నది నేను. ఐడియా మాత్రం తనకి వచ్చింది.

జనవరి 23

అమ్మ వీధంతా చెప్పి వచ్చింది. ఉష అమ్మకి సొంత మేనకోడలు. మా అన్నకూతురు ఢిల్లీ ఎల్తంది అని చెబుతోంది. మా కోడలు అనట్లేదు. కోడలంటే అందులో నాకూ కాస్త వాటా వస్తుందని కాబోలు.

బెల్లం మార్కెట్ దగ్గర దేవీప్రసాద్ మావ స్కూటర్ ఆపి మరీ అడిగాడు, ఏరా అల్లుడూ, మీ ఆవిడ ఫారిన్ ఎల్తందటగా అని. ఢిల్లీ మావా అన్నాను. అదేలేరా అన్నాడు.

జనవరి 27

ఉష ఆఫీసులో అందరికీ మెయిల్ పెట్టింది. నీళ్ళు నిలిచే ప్రతి చోటికీ చిత్తడి నేల అనే మాటే వాడాలట. ఊరి మాటలు రాయొద్దట, సాఫ్ట్‌వేర్‌కి అర్థం కావట.

మా ఆవిడ నాకు మెయిల్ పెట్టడం! పక్క గదిలోనే కూర్చుంటుంది.

బుచ్చయ్యపేట వైపు సోమయ్య ఆవ ఉంది. చుట్టుపక్కల నీరంతా వచ్చి నిలిచే పల్లం. తుంగ, తామర, చలికాలం కొంగలు. నేను పుట్టిన దగ్గర్నుంచి దాన్ని ఆవ అనే విన్నాను. చిత్తడి నేలట. వానొస్తే మా సందు కూడా చిత్తడి నేలే. కొత్త ఫారంలో ఆవ అనే రాశాను. పౌరుషం కొద్దీ రాశాను, ఒప్పుకుంటాను. మార్చమంటే ససేమిరా అనడానికి సాయంత్రం దాకా సిద్ధంగా కూర్చున్నాను. ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 2, మధ్యాహ్నం

కొత్త సాఫ్ట్‌వేర్‌లో మా జిల్లా రిపోర్టు తెరిచి చూశాను. చిత్తడి నేలల పేజీలో సోమయ్య ఆవ లేదు. వెతగ్గా వెతగ్గా పంటల పేజీలో దొరికింది. నూనెగింజలు. మస్టర్డ్. రెండొందల ఎకరాల ఆవాల చేను! అక్కడ వాలతాయని నేను రాసిన నత్తగుల్ల కొంగలు, నీటికోళ్ళు, పరజ బాతులు అన్నీ పంటకి హాని చేసేవి అన్న గడిలో పడ్డాయి.

నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను. ఎవరో టీ పెట్టి వెళ్ళారు, అది చల్లారిపోయేదాకా నవ్వుతూనే ఉన్నాను.

తర్వాత గుర్తొచ్చింది. ఢిల్లీలో ఉష తెర మీద చూపించబోయేది ఈ రిపోర్టే. చెప్పాలి. ఇంటికెళ్ళాక చెబుతాను.

సాయంత్రం

చెప్పలేదు. డైరెక్టర్ గారు స్వీట్లు పంపారు. డబ్బా మీద ఉషశ్రీ గారికి అని రాసి ఉంది.

ఫిబ్రవరి 5

పక్షుల లెక్కకి సోమయ్య ఆవకి వెళ్ళాను. బుల్లమ్మ మోకాలిలోతు నీళ్ళలో తుంగ కోస్తోంది. ఆ తుంగతో చాపలు అల్లుకుని బతికే మనిషి. నన్ను చూసి, మా ఆవ పేరు ఢిల్లీ ఎల్తందట గదా బాబూ, పేరెక్కితే ఇంక ప్లాట్లోళ్ళు కప్పెట్టడానికి ఉండదట గదా, మీ ఇంటామె సెప్పింది, అంది.

నిజమే. దేశం ఇచ్చే రిపోర్టులో పేరుంటే, కప్పెట్టొద్దని అడగడానికి మాకొక ఆధారం. ఆవాల చేనుని కప్పెడితే ఎవడడుగుతాడు?

ఎల్తందమ్మా అన్నాను. మీ ఇంటామెకియ్యి బాబూ అని తామరకాయలు చేతిలో పెట్టింది. ఇంటామెకి. ఇన్నేళ్ళుగా ఆ గట్టంట తిరుగుతున్నది నేను.

ఫిబ్రవరి 6

పంటల పేజీ చూడు. ఇంతే చెప్పాల్సింది. పొద్దుట్నుంచి నాలుక చివరే ఉంది.

చెబితే ఏమవుతుంది? సరిదిద్దుకుంటుంది. థాంక్స్ బావా అంటుంది. వెళ్ళి చప్పట్లు కొట్టించుకుని వస్తుంది. చెప్పకపోతే హాలంతా ఒక్కసారి నవ్వుతుంది. ఒక్కసారి చాలు నాకు. తర్వాత నేనే సరిచేసి పెడతాను. దేశం రిపోర్టు ఖరారు కావడానికి నెలాఖరు దాకా టైముంది, కాబట్టి ఆవకి ఏమీ కాదు, బుల్లమ్మకి ఏమీ కాదు. అన్నీ ఆలోచించుకున్నాను. కుళ్ళుబోతుకి బుర్ర భలే పనిచేస్తుంది.

ఫిబ్రవరి 9, ఉదయం

స్టేషన్లో దింపాను. విశాఖ దాకా బండి, అక్కణ్ణుంచి ఫ్లైట్. ప్లాట్‌ఫారం మీద, బావా, ఏటైనా మర్చిపోయేమా అని అడిగింది. ఛార్జర్ పెట్టుకున్నావు కదా అన్నాను. బండెక్కి తలుపు దగ్గర నిలబడి మళ్ళీ అడిగింది, ఏటీ లేదు కదా బావా అని.

లేదన్నాను.

బండి కదిలాక చెయ్యి ఊపలేదు. బ్యాగు సర్దుకుంటోందేమో.

ఫిబ్రవరి 11, 11.00

ఢిల్లీ నుంచి లైవ్ చూడ్డానికి ఆఫీసులో అందరూ పెద్ద తెర ముందు చేరారు. నేను మెట్ల కింద, ఫోన్‌లో చూస్తున్నాను. అందరి ముందూ నా మొహం ఎలా పెట్టుకోవాలో తెలియక.

11.40

ముందు పప్పు కథ చెప్పింది. నా కారం గురించి అక్కడ కూడా నవ్వారు. తర్వాత స్లైడ్ మారింది. పంటల పేజీ. సోమయ్య ఆవ, మస్టర్డ్, రెండొందల ఎకరాలు.

తీసెయ్ ఉషా అన్నాను. గట్టిగానే అన్నాను, ఫోన్‌లో మనిషికి వినబడుతుందన్నట్టు. ఇన్నాళ్ళూ కోరుకున్న నవ్వు రాబోతోంది. నాకొద్దు ఆ నవ్వు. ఒట్టు, ఆ క్షణాన నాకొద్దు.

హాలు నవ్వింది. ఉష కూడా నవ్వింది. నవ్వి, ఇంగ్లీషులోనే చెప్పింది, ఆవ అన్న మాట మాత్రం మనం అన్నట్టే పలుకుతూ. మా వైపు ఆవ అంటే నీళ్ళు నిలిచే పల్లం, వంటింట్లో ఆవ అంటే ఆవాలు, మా సాఫ్ట్‌వేర్‌కి తెలిసింది వంటిల్లు ఒక్కటే అంది. ఊరి మాటలు రాయొద్దని నేనే అందరికీ చెప్పాను, తప్పు నాది, ఒక్కాయన మాత్రం నా మాట వినలేదు, ఆయన వినకపోబట్టే ఈ కన్నం బయటపడింది అంది. అన్ని ఒప్పందాలకీ ఒకే ఫారం పెట్టుకుందాం, కానీ అందులో ఊరి మాటకి ఒక గడి ఉంచుదాం అంది. ఆయనెవరో కూడా చెప్పింది. నాకు ఈ పని నేర్పిన మనిషి అంది. భర్త అనలేదు.

చప్పట్లు చాలాసేపు మోగాయి. తర్వాతి స్లైడ్లో సోమయ్య ఆవ చిత్తడి నేలల పేజీలో ఉంది. కొంగలన్నీ వాటి గడిలోకి అవి వచ్చేశాయి.

నా మొండితనం కూడా తనకే కలిసొచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా కుళ్ళుగానే ఉంది. కుళ్ళుతో పాటు సిగ్గు.

అయినా, తను ఎప్పుడు చూసింది?

ఫిబ్రవరి 13

వచ్చింది. అమ్మకి శాలువా, పాప ధనశ్రీకి రంగుల గాజులు, నాకు పెన్ను. బ్యాగు విప్పుతుంటే ఉండబట్టలేక అడిగాను, ఆ తప్పు ఎప్పుడు కనిపెట్టావని.

నువ్వు చూసిన రోజే బావా అంది. టీ తెచ్చి నీ ఎనకాలే నిలబడ్డాను. నువ్వు నవ్వుతున్నావు, అందుకే పిలవలేదు, కప్పు పెట్టేసి వచ్చేసేను అంది. చెప్తావేమో అని బండి కదిలేదాకా చూసేను అంది.

గొంతు పెంచలేదు. పాప గాజులు చూపించడానికి వస్తే, ఏవీ అంటూ దాని చెయ్యి పట్టుకుని అటు వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 15

అరటిదూట కూర. అమ్మకీ పాపకీ చప్పగా తీసి, మిగతాదాంట్లో ఆవ పెట్టి నాకు వడ్డించింది. రెండో ముద్దకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఘాటుగా ఉందన్నాను.

ఆవ కదా బావా, అంది.