హారన్ తీయించిన కారు

ఏమండీ,

కారు హారన్ మోగట్లేదని ఆటోనగర్ పరిగెత్తకండి. నిన్న నేనే మెకానిక్ కోటి చేత దాని వైరు తీయించాను. మనం వెళ్లబోయే ఆస్ట్రేలియాలో ఊరికే హారన్ కొడితే ఎదుటివాళ్లని తిట్టినట్టేనట. అక్కడ అన్ని రోజులు కారు నడపబోయేది మీరే కాబట్టి ఇవాళ్టి నుంచే అలవాటు చేసుకోండి.

నేను బస్సులో ఉయ్యూరు మా అక్క ఇంటికి వెళ్తున్నాను. సాయంత్రం వచ్చి నన్ను తీసుకెళ్లండి. మెల్లగా రండి, కానీ చీకటి పడకముందే చేరండి. ఆస్ట్రేలియాలో చీకటి పడితే కంగారూలు రోడ్డెక్కుతాయట, అదీ ఇప్పుడే అలవాటు కావాలి.

ప్రయాణం పెట్టెలోంచి మీ జాకీ తీసేశాను. అక్కడి అద్దె కారుకి మన జాకీ ఎందుకండీ? టైర్ల కింద పెట్టాలని మీరు దాచిన నిమ్మకాయలు ఆ దేశంలోకి రానివ్వరు. వాటితో పులిహోర కలిపి టేబుల్ మీద పెట్టాను, తినండి.

అన్నట్టు, ఎప్పట్లా గేటు ముందు హారన్ కొట్టి నన్ను పిలవడం ఇవాళ కుదరదు. కారు దిగి, పేరు పెట్టి పిలవండి. పెళ్లయ్యాక మీ నోట నా పేరు విన్నది పాస్‌పోర్టు ఆఫీసులో ఒక్కసారే. సిగ్గుపడకండి, బావగారు ఊళ్లో లేరు. మర్చిపోయి ఉంటారేమోనని కింద రాస్తున్నాను.

హైమావతి