నెమ్మది లేన్‌లో వదిన

అన్నయ్యకి,

చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ తుంటి కులాసాగా ఉంది, అమ్మ నోరు అంతకంటే కులాసాగా ఉంది. నువ్వూ, నీ ఓడా, పగలూ రాత్రీ తెలియని నీ ఇంజను గదీ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. వరసగా ప్రశ్నలు వేశావు. అమ్మ ప్రయాణానికి తట్టుకుందా? మంచాలూ వంటగట్టూ ఉన్న మన ఇంటిబండి వదిన చేతిలో ఇంకా నత్తలాగే నడుస్తోందా? వెనక జనం తిట్టారా? అసలు అంత పెద్ద బండి ఆవిడ వల్ల అవుతుందా? ఆఖరి ప్రశ్న కింద రెండు గీతలు గీశావు. బండి కొంటానంటున్న పళ్ళ డాక్టరు సిద్ధంగా ఉన్నాడనీ, నేను పక్కన కూర్చుని చూసి రాసే మాట మీదే అమ్మడమో ఉంచడమో తేలుస్తాననీ అన్నావు. టీయా కాఫీయా అని అడిగితేనే తేల్చుకోలేనిదాన్ని. క్లాసులో ఏ రాజు గురించి చెప్పినా చివర ‘కానీ’ అంటానని పిల్లలు నాకు ‘కానీ మేడమ్’ అని పేరు పెట్టారు. ఇంకెవరూ దొరకనట్టు నన్ను తీర్పు చెప్పమన్నావు.

సరే, అమ్మ సంగతి ముందు. ఆపరేషన్ తర్వాత అమ్మ కారులో గంటసేపు కూడా కూర్చోలేకపోతోందని నీకు తెలుసు. పెద్దమ్మ ఇంటికి పూట ప్రయాణం. మధ్యమధ్య ఆగి, నాలుగడుగులు నడిచి, కాసేపు నడుం వాల్చే వీలున్నది ఈ బండిలోనే. అందుకే అమ్మ ఎక్కీ ఎక్కగానే వెనక మంచం మీదికి చేరి, దిండు సర్దుకుంది. వదిన బండి స్టార్ట్ చెయ్యలేదు.

“అత్తయ్యా, బండి నడుస్తున్నప్పుడు మంచం మీద ఉండకూడదు. ఇలా వచ్చి సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోండి.”

“మంచాలున్న బండి కొనుక్కుని కుర్చీలో కూర్చోవడమేమిటే? నా కొడుకు నడిపినప్పుడు హాయిగా పడుకున్నాను.”

“ఆగినప్పుడు మీరు పడుకోండి, నేను దుప్పటి కప్పుతాను.”

“ఇది బండా, బడా?” అంది అమ్మ. వదిన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ఎండలో ఆరేసిన బట్టలు చూస్తున్నంత తీరిగ్గా బయటికి చూస్తూ కూర్చుంది. చివరికి అమ్మే గొణుక్కుంటూ లేచి వచ్చింది. బెల్టు టక్కుమన్నాక ఇంజను మోగింది.

ఇక నత్త సంగతి. నడిచింది, నత్తలాగే నడిచింది. డ్రైవరు తలపైన ఎండ తగలకుండా దించుకునే రేకు ఉంటుంది చూడు, దాని మీద వదిన ఒక చీటీ అంటించింది. బండి ఎత్తు, పొడవు, బరువు, ఇంత బండికి హైవే మీద అనుమతించిన వేగం. కార్లకు నూట ఇరవై అయితే మనకు తొంభై. వదిన తొంభైకి ఒక పిసరు కిందే ఉంచింది. మూడు లేన్లలో అంచున ఉన్న నెమ్మది లేన్‌లో, ముందున్న లారీకీ మనకీ మధ్య ఇంకో రెండు లారీలు పట్టేంత చోటు వదిలి, ఆ చోటులోకి కార్లు ఒకదాని తర్వాత ఒకటి దూరిపోతుంటే మళ్ళీ వెనక్కి తగ్గి, మళ్ళీ చోటు చేసుకుంటూ నడిపింది. నాకు ఒళ్ళు మండింది.

“అందరూ మన ముందుకొచ్చి దూరుతున్నారు వదినా.”

“దూరనీ. వాళ్ళు బ్రేకు వేస్తే ఆగుతారు. మనం బ్రేకు వేశాక ఇంకా చాలాసేపు వెళతాం.”

“వెనకవాడు హారన్ కొడుతున్నాడు.”

“హారన్‌కి బరువుండదమ్మా. మన బండికుంది.”

కళ్ళద్దాల దుకాణంలో రోజంతా అందరి చూపూ సరిచేసే మనిషి కదా, నాకూ ఒక చూపు అంటగట్టింది. అద్దంలో పెద్ద లారీ దగ్గరవుతుంటే, “ఇప్పుడు గాలి మనల్ని మొదట అవతలికి నెడుతుంది, తర్వాత వాడి వైపు లాక్కుంటుంది, చూడు” అంది. అన్నట్టే జరిగింది. స్టీరింగ్‌ని బిగించలేదు, తిప్పేయలేదు. నిద్రలో కదిలిన పసిపిల్ల మీద చెయ్యి వేసినట్టు కాస్త ఆనించింది, అంతే. నేను చూడగానే మెచ్చుకున్న మొదటి విషయం అది. పైకి మాత్రం అనలేదు. ఆడపడుచుని కదా, కొంచెం పరువుండాలి.

కొండ ఎక్కే చోట కథ రసపట్టులో పడింది. ముందు లారీ ఆయాసపడుతూ పాకుతోంది. మధ్య లేన్‌లో ఇంకో లారీ దాన్ని దాటబోయి, దాటలేక, పక్కపక్కనే పాకుతోంది. అవతల మూడో లేన్, వేగంగా పోయేవాళ్ళది, బోసిగా ఉంది.

“వదినా, అది ఖాళీ. ఒక్క నిమిషంలో దాటేయొచ్చు.”

“మన పొడవు బండ్లు అందులోకి వెళ్ళకూడదు.”

“ఎవరూ లేరుగా!”

“ఎవరూ లేరని పక్కింట్లోకి వెళ్ళి పడుకుంటామా?”

వెనక సీట్లోంచి అమ్మ పకపకా నవ్వింది. “నువ్వు ఇన్ని పుస్తకాలు చదివావు, దానికి జవాబు చెప్పవే!” అంది. ఆ లారీల వెనకే కొండంతా ఎక్కాం. చరిత్రలో ముట్టడులు ఎందుకు విఫలమయ్యాయో పాఠం చెబుతాను కానీ, ఓపిక ఎంత బరువైన పనో ఆ కొండ మీదే తెలిసింది.

ఇప్పుడు నువ్వు ఎదురుచూస్తున్న కబురు. వదిన దారి తప్పింది. నెమ్మది లేన్‌ని అంత నమ్మకంగా పట్టుకున్నందుకే తప్పింది. కొండ దిగాక ఒకచోట ఆ లేన్ హైవేతో ముందుకు పోదు. విడిపోయి, మనకు అక్కర్లేని ఊరివైపు దిగిపోతుంది. ఆ సంగతి చెప్పే బోర్డు ఎత్తయిన లారీ చాటున ఉండిపోయింది. మేం చూసేసరికి రెండు దారుల మధ్య తెల్ల చారలు గీసిన ముక్కోణం వచ్చేసింది. పక్క లేన్ నిండా కార్లు.

“తిప్పు! వదినా, తిప్పు!” అని అరిచాను.

తిప్పలేదు. సిగ్నల్ మార్చలేదు, బ్రేకు తొక్కలేదు. మొదటి నుంచీ ఆ ఊరికే బయలుదేరినట్టు తప్పుదారిలోకి సాఫీగా దిగిపోయింది. తప్పు దారిని అంత సరిగ్గా నడిపిన మనిషిని నేను చూడలేదు.

దిగాక వరసగా గోడౌన్లు, టైర్ల కొట్టు. వదిన దాని ముందున్న ఖాళీ స్థలంలో బండి ఆపింది. ఇచ్చిన మాట ప్రకారం అమ్మని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. తర్వాత కిందికి దిగి మెట్టు మీద కూర్చుంది. అప్పుడు చూశాను, అరచేతుల చెమట తుడుచుకుంటూనే ఉంది.

“భయం వెయ్యలేదనుకున్నాను” అన్నాను.

“భలేదానివే! ఎందుకు వెయ్యదు? కాకపోతే భయం వేస్తే తిన్నగా వెళ్ళాలని ముందే అనుకుని పెట్టుకున్నాను.” మళ్ళీ తనే అంది, “మీ అన్నయ్యకి రాయి. దారి తప్పానని దాచకుండా రాయి. నువ్వెందుకొచ్చావో నాకు తెలుసులే.”

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా ముఖం చూసి నవ్వి, నీళ్ళ సీసా అందించింది. ఆ తర్వాత నెమ్మదిగా ఇంకో మాట చెప్పింది. చెప్పి, “ఇది మాత్రం రాయకు” అని ఒట్టు వేయించుకుంది. దాని సంగతి తర్వాత.

దారి తప్పినందుకు పట్టిన ఆలస్యం ఎంతో కాదు. మళ్ళీ హైవే ఎక్కి, చెప్పిన పూటకే చేరాం. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మ దిగేలోపే ఆవిడే బండెక్కేసింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ మడత బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, కిటికీ తెర పక్కకు లాగి, ఇంటి ముందే ఆగి ఉన్న బండిలోంచి ఏదో దూరదేశం చూస్తున్నట్టు వీధిని చూశారు. “దిగవే” అని ఒకరు, “నువ్వు దిగు” అని ఇంకొకరు. సాయంత్రం దాకా ఇద్దరూ దిగలేదు. వదిన వాళ్ళకి టీ లోపలికే అందించింది.

ఇక దాచుకున్నవి. రెండున్నాయి.

మొదటిది. మేం ఇంటికి తిరిగొచ్చాక, నిన్న నీ పళ్ళ డాక్టరు బండి చూడటానికి వచ్చాడు. వదిన దుకాణంలో ఉంది. టైరు తన్ని చూసి, “ఎంత స్పీడు లాగుతుంది?” అన్నాడు, అదే మొదటి ప్రశ్న. “ఇది అమ్మేది లేదండీ” అన్నాను. నా నోటితోనే అన్నాను, గొంతు కూడా తడబడలేదు. ఆయన నన్ను పంటి ఎక్స్‌రేలా ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. బండి నీది, నాకు ఏ అధికారమూ లేదు. రాత్రంతా తప్పు చేశానా అని తర్కించుకుని, తెల్లారేక కూడా అదే మాట అనగలనని తేలాక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. వదినకి ఇంకా చెప్పలేదు.

రెండోది ఆ ఒట్టు. తప్పుతున్నాను. పోయినసారి నువ్వు ఇంటికొచ్చినప్పుడు, మూడో లేన్‌లో కార్లతో పందెం వేసుకున్నట్టు నడుపుతూ, దిగాల్సిన చోటు దాటిపోతుంటే అలాంటి చారల ముక్కోణం మీదుగానే బండిని లాగేశావట. గిన్నెలన్నీ కింద పడ్డాయి. పైనున్న అలమర తలుపు ఊడి, మంచం మీద నిద్రపోతున్న అమ్మ తల పక్కన దిండు మీద పడింది. అమ్మకి మెలకువే రాలేదు. నువ్వు రోడ్డు చూస్తున్నావు. వెనక్కి తిరిగి చూసింది వదిన ఒక్కతే. తలుపుని చప్పుడు కాకుండా బిగించేసింది.

“మరి అన్నయ్యకి ఎందుకు చెప్పలేదు?” అని అడిగాను.

“చెబితే మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోరు. ఏడాదికోసారి ఇంటికొచ్చే మనిషి, ఆ సరదా ఎందుకు తియ్యాలి? దానికంటే నేనే నేర్చుకుంటే పోలా అనుకున్నాను.”

నువ్వు లేనప్పుడు తోచక నేర్చుకుందని మనమంతా అనుకున్నాం అన్నయ్యా. నిజానికి ఆ రోజు నీ పక్క సీట్లోనే నేర్చుకోవాలనుకుంది.

ఇది చదివి నొచ్చుకుంటావని తెలుసు. నొచ్చుకో, బండి నడపడం మాత్రం మానకు, మానితే ఆవిడ దాచిందంతా వృథా. ఈసారి వచ్చినప్పుడు ముందు ఒక ప్రయాణం పక్క సీట్లో కూర్చో. బెల్టు పెట్టుకునేదాకా ఇంజను మోగదు, ముందే చెబుతున్నాను.

నువ్వు రెండు గీతలు గీసిన ప్రశ్నకి జవాబు: వదిన వల్ల అవుతుంది. ఈ వాక్యం వెనక ‘కానీ’ ఉంటుందని వెతక్కు. లేదు.

ఇట్లు,
ఆవిడ పక్క సీటు నీకోసం ఖాళీ చేస్తున్న
నీ చెల్లెలు