కొండకోతి ఏడుపు సంగతి తేలేదాకా

కెమింగ్‌కు,

మొన్న పెద్దలందరి ముందూ, "మా అమ్మకు దగ్గు ముదిరింది, అందుకే వీలునామా రాయిస్తోంది" అన్నావు. రెండూ తప్పే. దగ్గు పోయిన నెలలోనే తగ్గింది. రాయించడం లేదు, నేనే రాస్తున్నాను, దస్తూరీ చూసుకో. చచ్చిపోతున్నానని కాదు, ఎల్లుండి పడవెక్కుతున్నానని రాస్తున్నాను. నది ఎగువకు, కొండలు రెండువైపులా దగ్గరికొచ్చి నీళ్ళను నొక్కేసే చోటికి.

కనుక: కీర్తిశేషుడు తాన్ బోయెన్ భార్యను, రువాన్ వారి ఆడపడుచును, లూవాన్ రేవులో నలభై ఆరేళ్ళుగా సత్రం నడుపుతున్నదాన్ని, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, రెండు కళ్ళూ, పదిహేడు పళ్ళూ, పూర్తి తెలివీ దగ్గరుంచుకుని, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, కొందరు అభ్యంతరం చెప్పినా ఈ వీలునామా రాస్తున్నాను. వచ్చే ఏడు చేమంతులు పూసే వేళకు నేను తిరిగి రాకపోతే ఇది అమలు కావాలి. వస్తే చించెయ్యాలి. అంతవరకూ ఎవరూ గదులు కొలుచుకోకూడదు.

ఒకటి. సత్రం, వంటిల్లు, రేవుమెట్లు నా కుమారుడు తాన్ కెమింగ్‌కు సర్వహక్కులతో చెందుతాయి. షరతు ఒక్కటే. ముందుగది తెల్లగోడను ఎప్పటిలాగే బాటసారులు పద్యాలు రాసుకోవడానికి వదలాలి. ఏటా కొత్త సంవత్సరానికి సున్నం వేసేముందు, బాగున్నవాటిని చెక్కపలకల మీదికి ఎక్కించాలి. ఏవి బాగున్నాయో తేల్చే పని నీకు ఇవ్వను. రాసినవాడి టోపీ చూసి పద్యం బాగుందంటావు. ఆ పని నా మనవరాలు సూయీది. పోయిన శీతాకాలం ఒక జిల్లా అధికారి మంచు మీద ఎనిమిది పాదాలు రాసి పోతే, సూయీ అది చదివి, "నాయనమ్మా, ఈయన మంచులో నిలబడలేదు, కిటికీలోంచి చూశాడు. పద్యం మొత్తంలో కాళ్ళెక్కడా చల్లబడలేదు" అంది. దానికి పద్దెనిమిదేళ్ళు. ఆ ముక్క తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

రెండు. నా పుట్టింటివారిచ్చిన మల్బరీ తోట సూయీకే. ఇది నా స్త్రీధనం; తాన్ వంశ పెద్దలకు ఇందులో జోక్యం లేదు. పెళ్ళి చేసుకున్నా, చేసుకోకపోయినా తోట దానిదే.

మూడు. కోడలికి నా నల్లపట్టు కోటు, వంటింటి తాళాలు. ఇరవై ఏళ్ళుగా నా వంటలో ఉప్పెక్కువని గోడతో చెప్పుకుంటోంది. ఎక్కువే, అమ్మాయ్. నాకూ తెలుసు. ఒప్పుకుంటే వంటిల్లు పోతుందని ఒప్పుకోలేదు.

నాలుగు. మా మరిది తాన్ గువాంగ్‌ఫూకు ఏమీ లేదు. నేను కాపురానికొచ్చిన మూడో రోజు, నా పుస్తకాల పెట్టె తెరిచి, "వదినా, ఇవన్నీ పొయ్యి రాజేసుకోవడానికా?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేను ఇంకా నవ్వలేదు. అయినా సాక్షి సంతకానికి వస్తున్నాడు కనుక, కిటికీ పక్కనున్న వెదురు కుర్చీ తీసుకోవచ్చు. ఎలాగూ అందులోంచి లేవడు.

ఐదు. ముందుగదిలో వేలాడే పెద్ద పలక సంగతి.

ఆ పలక మీదిది మీ నాన్న పద్యం. దానికోసమే పడవలు ఇక్కడ ఆగుతాయి. "వెన్నెల చల్లబడింది, కొండకోతి ఒక్కసారి కూసేసరికి కొండంతా ఖాళీ అయింది." దాని కింద నిలబడి, ఇల్లు తలుచుకుని ఏడ్చిన మగవాళ్ళకు నేనే మొహం తుడుచుకోవడానికి వేడినీళ్ళు ఇచ్చాను.

జరిగింది ఇది. మిట్టమధ్యాహ్నం. ఆయన వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు, నేను చేమదుంపలు చెక్కుతున్నాను. "ఏమే, చల్లటి వెన్నెల తర్వాత ఏం వస్తుంది?" అన్నాడు. "కోతి వస్తుంది. పుస్తకాల్లో దిగులంటే ఎప్పుడూ కోతి ఏడుపే కదా వచ్చేది" అన్నాను, ఎగతాళిగా. "ఎన్నిసార్లు కూయమంటావు?" "ఒక్కసారి చాలు, నాకు పొయ్యి మీద పనుంది." ఆయన అలాగే రాసేసుకున్నాడు. ఈ చుట్టుపక్కల కొండల్లో అలా కూసే పొడుగు చేతుల కొండకోతి ఒక్కటీ లేదు. ఆయన జన్మలో రెండు రోజుల ప్రయాణం దాటి పోలేదు. నేను అంత కూడా పోలేదు.

మోసం చెయ్యాలని చేసింది కాదు. చదువుకున్నవాళ్ళం కదా, కొండను చూడకముందే దాన్ని గురించి చదివేసి ఉంటాం. రెల్లు ఊగితే శరత్కాలం, అడవిబాతుల బారు కనబడితే ఇంటి మీద దిగులు. నా గోడ నిండా ఆ దిగులే. నలభై ఆరేళ్ళుగా వాళ్ళ పక్కలు దులిపాను, వాళ్ళ దిగులు చదివాను. నా వంతు రాలేదు. ఇల్లు విడవనిదాన్ని, ఇంటి మీద దిగులు నాకెక్కడినుంచి వస్తుంది?

పోయిన వసంతంలో, ఎగువన పడవలకు తాళ్ళు కట్టి లాగేవాడొకడు నూడుల్స్ తింటూ, పలక మీద ఏముందో చదివించుకున్నాడు. "అమ్మగారూ, ఇది రాసినాయన కోతి కూత ఇన్లేదండీ" అన్నాడు. ఎలా ఉంటుందయ్యా అన్నాను. గిన్నె కింద పెట్టాడు. "ఏడుపు కాదండీ. పొద్దున్నే ఒకటి ఈ గట్టునుంచి పిలిస్తే, ఇంకోటి ఆ గట్టునుంచి పలుకుద్ది" అని మళ్ళీ తినడంలో పడ్డాడు.

అప్పటినుంచి కూర్చుంటే లేవాలనిపిస్తోంది. లేస్తే మెట్లదాకా పోయి నీళ్ళు చూసి వస్తున్నాను. నువ్వు దాన్ని దగ్గు అనుకున్నావు. నా ఎగతాళి మాటకు ఇంతమంది ఏడ్చారు. అది ఏడుపో పిలుపో నా చెవులతో వినాలి.

"అమ్మా, ఆ పలకతోనే మనకు పేరు. నువ్వెళ్ళి అది తప్పని తేలిస్తే మాకేం మిగులుతుంది?" అన్నావు. నువ్వడిగిన వాటిలో ఇదొక్కటే మంచి ప్రశ్న. అందుకే ఆ పలకను సూయీ అధీనంలో పెడుతున్నాను. అక్కడినుంచి ఉత్తరం పంపుతాను. ఏడుపే అయితే, పలకను కదపవద్దు. మీ నాన్న పేరు ముందు మంచి సారా పోసి, నేను క్షమించమన్నానని చెప్పండి. పిలుపే అయితే, పలక దించి, నేను విన్నది విన్నట్టు సూయీ రాసి వేలాడదీస్తుంది. ఉత్తరమే రాకపోతే, నా మాటా మీ నాన్న మాటా రెండూ నమ్మవద్దు. మల్బరీ తోట రాబడి ఉంది. సూయీ వెళ్ళి వింటుంది. దాన్ని ఆపే హక్కు ఈ ఇంట్లో ఎవరికీ ఇవ్వడం లేదు.

ఆరు. నేను దారిలో పోతే అక్కడే పూడ్చాలి. మీ నాన్న పక్కన చోటు ఖాళీగా ఉండనివ్వండి, ఆయన ఓపికమంతుడు. పరాయి గట్టున పడుకుంటే, ఇంటి మీద దిగులంటే ఏమిటో నాకూ తెలుస్తుంది.

చున్‌షీ శకం తొమ్మిదో ఏడు, ఎనిమిదో నెల, ఇరవై ఒకటో రోజు.
స్వదస్తూరీతో, రువాన్ షూజెన్.

సాక్షులు: తాన్ గువాంగ్‌ఫూ, మందుల అంగడి జియాంగ్ రెన్, పడమటి గట్టు మఠం సన్యాసిని జింగ్‌హువా.

సంతకాలయ్యాక గుర్తొచ్చింది. నా నూనెకాగితం గొడుగు బాగుచెయ్యమని గొడుగులవాడికిచ్చాను. కెమింగ్, ఎవరినీ పంపకు, ఇవాళ నువ్వే వెళ్ళి తీసుకురా. తెచ్చేముందు తెరిచి ఎండకు పట్టి చూడు. పైన కాడ కొస దగ్గర ఎప్పుడూ ఒక చిల్లు వదిలేస్తాడు. ఉంటే అక్కడే నిలబడి అతికించుకుని రా.