కత్తెర పట్టే రోజు

పుంగ్గోల్, సింగపూర్
14 జూన్ 2025

పెద్దిరాజన్నకు తమ్ముడు దానయ్య నమస్కారాలు. నువ్వూ, వదినా, పిల్లలూ క్షేమమని తలుస్తాను. నేనిక్కడ కుశలం. పొద్దంతా ఫ్లాట్ల కింద చెట్లు కత్తిరించే పనే కాబట్టి, నువ్వు పట్టించిన కత్తెర ఇంకా నా చేతిలోనే ఉంది.

ఒక మంచి కబురు. ఈ ఫ్లాట్లలో సత్యవాణి ఆంటీ అని మన తెలుగావిడ ఉన్నారు. తంజోంగ్ పగార్‌లో వైన్ దిగుమతి చేసే ఆఫీసులో ఉద్యోగం. కింద తోటలో తను పెట్టిన ద్రాక్షతీగ నాలుగేళ్లుగా ఆకు తప్ప పిందె వేయలేదని వాపోయారు. చలి లేని చోట తీగకు విశ్రాంతి తెలియదు, కొమ్మ కోస్తేనే కాస్తుందని నువ్వు చెప్పేవాడివి కదా, అదే చెప్పాను. వెంటనే కోసెయ్యమన్నారు. నేను వినలేదు. డిసెంబరు, జనవరి వానలు పోనిచ్చి, ఫిబ్రవరిలో తెరిపి ఇచ్చాకే కోశాను. మొన్న ఆదివారం పదకొండు గుత్తులు దించాం. మొదటిది నీ పేరు చెప్పుకొని తిన్నాను. వదిన పచ్చడికి పనికొచ్చేంత పులుపు, అయినా కళ్లు చెమర్చాయి.

వైన్ చేసే దేశాల్లోనూ ఎండలు ముదిరి ద్రాక్ష కోతలు కొన్ని వారాలు ముందే వచ్చేస్తున్నాయట. తాతలనాటి తేదీలను ఎవరూ నమ్మడం లేదని ఆంటీ అన్నారు. ఆ మాట తొమ్మిదేళ్ల కిందట మనం పనిచేసిన మేడ్చల్ ద్రాక్షతోటలో నువ్వే అన్నావు. దసరా మర్నాడు కత్తెర పట్టడం అందరికీ ఆనవాయితీ. నువ్వు మాత్రం, "మొగులు ఇంకా పోలే తమ్మీ. పండుగను కాదు, వానను చూసి కొయ్యాలె" అన్నావు. నువ్వు అక్క ఊరికి పోయిన రెండు రోజుల్లో మేం తోటంతా కోసేశాం. పూత మీద వాన పడి, బూజు తెగులుకు ఒక్క గుత్తీ మిగల్లేదు. తొందరపడింది తోట యజమాని కృష్ణప్రసాద్ సారేనని నువ్వు అనుకున్నావు. అయినా ఆయన నిన్ను తీసేస్తే, మేస్త్రీని నేనే కదా అని తల వంచుకుని వెళ్లిపోయావు. తర్వాత ఏ తోటకూ నిన్ను పిలవలేదు. నువ్వు నేర్పిన పని మాత్రం ఇక్కడ నాకు అన్నం పెడుతోంది.

ఇట్లు,
నీ మేలు మరువని తమ్ముడు
దానయ్య

తా.క.: అన్నా, ఇది రాయడానికే ఉత్తరం మొదలుపెట్టాను. ఆ రోజు తొందరపడింది సారు కాదు, నేను. పండుగ దాటితే కూలీలు వేరే తోటకు పోతారని భయపడ్డాను. ఎవరు కొయ్యమన్నారని సారు అడిగితే నీ పేరు చెప్పాను. నిన్న ఆయనకు ఫోన్ చేసి ఉన్నదంతా ఒప్పుకున్నాను. అంతా విన్నారు. తర్వాత నీ ఇల్లెక్కడని అడిగారు. నిన్ను మళ్లీ తోటకు పిలవడానికి దసరాకు ముందే నీ గడపకు వస్తారు. వెళ్లడం, మానడం నీ ఇష్టం. నన్ను తిట్టు, పడతాను. వెళితే మాత్రం, కత్తెర పట్టే రోజు నువ్వే చెప్పు.