నడిచింది నేను కాదు

అక్కా, ఒంట్లో కులాసానే. ఫోను ఎప్పుడూ అమ్మ చేతిలో ఉంటుందని కార్డు రాస్తున్నాను.

నేను నడుస్తున్నట్టు ఆసుపత్రిలో తీసిన ఆ వీడియో మనవాళ్లు వీధంతా చూపిస్తున్నారట. పరంజా మీంచి పడి వెన్నుపాము దెబ్బతిన్నవాడు మూడు నెలలకే నడుస్తాడా? నన్ను పట్టీలతో వేలాడదీసి, ఒక యంత్రం నా కాళ్లను నడిపించింది. నిన్న తలకు తీగల టోపీ పెట్టి మెదడు సంగతి తెరమీద చూశారు. యంత్రం నడిపించినంతసేపూ మెదడు పెద్దగా పట్టించుకోలేదట. తర్వాత యంత్రం సాయం తగ్గించి, "ఇప్పుడు అడుగు నువ్వే వెయ్యి" అన్నారు. పళ్లు బిగించాను. తెర నిండా రంగులు వచ్చాయి.

"శభాష్! మెదడు బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అని డాక్టరమ్మ మురిసిపోయింది. కాలు మాత్రం వెంట్రుకవాసి కదలలేదు.

"మరి ఆ కబురు కాలికెవరు చెప్తారమ్మా?" అన్నాను. ఆమె కాగితాలు సర్దుకుంది.

అన్నయ్య నా మంచం మళ్లీ మేడ మీదికి ఎక్కించాడట. దించమను. స్నానాల గది గుమ్మం వెడల్పు కొలిచి రాయి. చక్రాల కుర్చీ పట్టకపోతే గోడ కొట్టించాలి.

అమ్మకు నువ్వే చెప్పాలి. "నడుచుకుంటూ ఎప్పుడొస్తావురా?" అని అడిగితే "త్వరలోనే" అనేశాను. ఇంకోసారి ఆ మాట అనలేను.

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

తమ్ముడు