వరుసలో చోటు

హెర్న్‌డన్, అమెరికా, ఆగస్టు 2011

చెల్లె అనసూయకు,

కోడలు నన్ను ఇక్కడ పెద్ద వయసోళ్లు కలిసే సీనియర్ సెంటర్ల లైన్ డ్యాన్సుకు చేర్పించింది. కౌబాయ్ పాట పెడతరు. అందరం వరుసల్ల నిలబడి ఒకే దిక్కు చూసుకుంట అడుగులెయ్యాలె. నేనేమో బతుకమ్మ ఆడినట్టే లోపలి దిక్కు మళ్లి చప్పట్లు కొట్టిన. పక్కనున్న డోరతీ నవ్వి, భుజం పట్టి నన్ను మళ్లీ వరుసలకు తిప్పింది. ఆమె భర్త పోయి రెండేండ్లయిందట. ఎర్ర బూట్లేసుకొని ముందు వరుసలనే ఆడుతది.

మీ బావ పోయినంక నేను బతుకమ్మ ఆడలేదు. ఎవరూ వద్దనలేదు, రమ్మని కూడా అనలేదు. గోడకానుకొని చూసిన. నువ్వు ఆడుకుంట నా ముందునుంచే పోయినవు.

దసరాకు ముందే వస్తున్న. ఈసారి వచ్చి నీ పక్కనే నిలబడత. నువ్వు కొంచెం జరుగు, చాలు.

నీ అక్క